ప్రభుత్వ కాగితం మీ పేరుకు మచ్చ తెచ్చినప్పుడు: నోటీసు అడగడం నుంచి రికార్డు సరిచేయించుకోవడం దాకా

పక్కింటివాళ్లు మన గురించి చెడుగా చెప్పుకుంటే అందులో నిజమెంతో వినేవాళ్లే బేరీజు వేసుకుంటారు. అదే మాట అధికారి సంతకంతో, కార్యాలయం ముద్రతో కాగితం మీదికి ఎక్కితే దాన్ని అనుమానించేవాళ్లు ఉండరు. సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్లు, అప్పిచ్చే బ్యాంకు, ఉద్యోగమిచ్చే కంపెనీ అందరూ దాన్నే నిజమని తీసుకుంటారు. అందుకే ఒక మనిషి పేరు చెడగొట్టే పని చేసేముందు ప్రభుత్వం ఆ మనిషిని పిలిచి అడగాలని చట్టం కోరుతుంది. అడగకుండానే ఆ పని జరిగిపోయినప్పుడు ఏం చేయాలో, ఏ వరుసలో చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

మన కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో ఇటువంటి మచ్చ ఎక్కువగా మూడు దారుల్లో వస్తుంది. మొదటిది పోలీసు స్టేషన్‌లో తెరిచే రౌడీషీటు. రెండవది ‘నిధులు దుర్వినియోగం చేశారు’ అన్న మాటతో వచ్చే తొలగింపు ఉత్తర్వు. ఉపాధి హామీ పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్లు, రేషన్ స్టోరు డీలర్లు, అంగన్‌వాడీ సిబ్బంది, పొరుగు సేవల ఉద్యోగులు దీని బారిన పడుతుంటారు. మూడవది చిన్న కాంట్రాక్టర్లను బ్లాక్‌లిస్టులో, అంటే ప్రభుత్వ పనులు ఇవ్వరాదన్న జాబితాలో పెట్టడం. దారులు వేరైనా అడగవలసిన ప్రశ్నలు దాదాపు ఒక్కటే.

ముందుగా చట్టం ఎంతవరకు అండగా ఉందో తెలుసుకోవాలి. రాజ్యాంగం 21వ అధికరణ ప్రకారం చట్టం నిర్ణయించిన పద్ధతిలో తప్ప ఎవరి ప్రాణానికీ, వ్యక్తి స్వేచ్ఛకూ భంగం కలిగించరాదు. ఆ పద్ధతి కాగితం మీద ఉంటే చాలదు, అది న్యాయంగా, సమంజసంగా ఉండాలని 1978లో మేనకా గాంధీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1989లో కిరణ్ బేడీ కేసులో, విచారణ కమిషన్ వల్ల పేరు చెడే అవకాశమున్న వ్యక్తికి నోటీసు ఇచ్చి వినవలసిందేనని, మంచిపేరు కూడా జీవించే హక్కులో భాగమేనని అదే కోర్టు స్పష్టం చేసింది. అమెరికాలో ఈ విషయం మరో దారి పట్టింది. విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక పోలీసు అధికారి ఒక మహిళ పేరు రాసి, ఆమెకు మద్యం అమ్మరాదని దుకాణాల్లో నోటీసులు అంటించినప్పుడు, ముందు ఆమెను వినకుండా అలా చేయడం చెల్లదని 1971లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అయితే 1976 నాటికి, దుకాణాల్లో దొంగతనాలు చేసేవాళ్ల జాబితాలో పోలీసులు ఒక వ్యక్తి ఫొటో వేసి వ్యాపారులకు పంచిన కేసులో, పేరు చెడటం ఒక్కటే చాలదని, దానితో పాటు చట్టం గుర్తించిన మరొక హక్కు కూడా పోయి ఉండాలని అదే కోర్టు అన్నది. మన దేశంలో అంత గట్టి షరతు లేదు. అయినా ఆ తీర్పులోని తర్కం ఇక్కడి కక్షిదారుకు ఎంతో పనికొస్తుందని నా అభిప్రాయం. ‘నా పరువు పోయింది’ అని మాత్రమే రాసిన అర్జీ కంటే, ‘ఈ ఉత్తర్వు వల్ల నా ఉద్యోగం పోయింది, రాబోయే టెండర్లలో పాల్గొనే అర్హత పోయింది, ప్రతి ఆదివారం స్టేషన్‌కు వెళ్లి కూర్చోవలసి వస్తోంది’ అని రాసిన అర్జీకి కోర్టులో బలం ఎక్కువ. కాబట్టి పేరుకు తగిలిన దెబ్బను, దాని వెంట జరిగిన నష్టాన్ని మొదటి కాగితం నుంచే జంటగా రాయడం అలవాటు చేసుకోవాలి.

కాగితం చేతికి రావాలి

ఏ పనికైనా ముందు ఉత్తర్వు నకలు సంపాదించాలి. నోటిమాటగా తెలిసినదాని మీద, పత్రికలో వచ్చినదాని మీద ఆధారపడి పోరాటం మొదలుపెడితే, ‘అటువంటి ఉత్తర్వే లేదు’ అన్న ఒక్క సమాధానంతో ఆరు నెలలు గడిచిపోతాయి. నకలు ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి మరో కారణం ఉంది. ఒక ఉత్తర్వు చెల్లుతుందో లేదో అందులో రాసిన కారణాలను బట్టే చూడాలని, తర్వాత కోర్టులో అఫిడవిట్ వేసి కొత్త కారణాలు అతికించడం కుదరదని 1977లో మొహిందర్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందువల్ల నకలు మీ దగ్గర ఉంటే, ఆ రోజు అధికారి ఏం రాశారో అక్కడే వారిని నిలిపి అడగవచ్చు.

నకలు కోసం సంబంధిత కార్యాలయానికి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, మీ దగ్గర ఉంచుకునే ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయడానికి ఒప్పుకోకపోతే, చేరినట్లు రుజువు దొరికే విధంగా తపాలాలో పంపండి. దానితో పాటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయాలకు రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపై కార్యాలయాలకు 10 రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, వచ్చినదానితో తృప్తి లేకపోయినా మరో ముప్పై రోజుల్లో అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు చేసుకోవచ్చు. దరఖాస్తులో ‘నా గురించిన సమాచారమంతా ఇవ్వండి’ అని రాయకుండా, ఉత్తర్వు నకలు, దానికి ఆధారమైన నివేదిక, నాకు నోటీసు పంపినట్లు చూపే రికార్డు, ఏ నియమం కింద చర్య తీసుకున్నారో ఆ నియమం పాఠం, వీటిని విడివిడిగా అడగండి. మూడవ అంశానికి ‘రికార్డులో లేదు’ అన్న జవాబు వస్తే, మీకు నోటీసు ఇవ్వలేదని ఆ శాఖే ఒప్పుకున్నట్టవుతుంది.

మిమ్మల్ని నిజంగా విన్నారా

కాగితం వచ్చాక పరిశీలించవలసింది ఇది. నోటీసు ఇచ్చామని శాఖ చెప్పవచ్చు. ఆ నోటీసు మనిషి జవాబు చెప్పుకోగలిగేంత స్పష్టంగా ఉందా అన్నది అసలు ప్రశ్న. ‘మీ పనితీరు సంతృప్తికరంగా లేదు, వివరణ ఇవ్వండి’ అన్న రెండు పంక్తుల నోటీసుకు ఎవరు మాత్రం ఏమని జవాబిస్తారు? ఏ తేదీన, ఏ పనిలో, ఏ తప్పు జరిగిందో, దానికి ఆధారం ఏమిటో, ఏ చర్య తీసుకోబోతున్నారో నోటీసులో ఉండాలి. జవాబుకు సరిపడా గడువు ఇవ్వాలి. ఇచ్చిన జవాబును చదివినట్లు చివరి ఉత్తర్వులో కనిపించాలి. ‘వివరణ సంతృప్తికరంగా లేదు’ అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటే, చదివారనడానికి ఆ వాక్యం రుజువు కాదు.

బ్లాక్‌లిస్టు విషయంలో ఈ సూత్రం బాగా గట్టిపడింది. ప్రభుత్వ పనులకు పోటీపడే అవకాశాన్ని మూసివేసే ముందు కాంట్రాక్టరును వినాలని 1974లో ఎరూసియన్ ఎక్విప్‌మెంట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బ్లాక్‌లిస్టులో పెట్టే ఆలోచన ఉన్నట్లు షోకాజ్ నోటీసులోనే తెలియజేయాలని 2014లో గూర్ఖా సెక్యూరిటీ సర్వీసెస్ కేసులో తేల్చింది. ఆదోనిలోనో ప్రొద్దుటూరులోనో కాలువ పని చేసే చిన్న కాంట్రాక్టరుకు ‘పని ఆలస్యమైంది, కాంట్రాక్టు ఎందుకు రద్దు చేయరాదు’ అని మాత్రమే నోటీసు వచ్చి, చివరి ఉత్తర్వులో మాత్రం రద్దుతో పాటు మూడేళ్లు బ్లాక్‌లిస్టు అని ఉందనుకుందాం. రద్దు సంగతి వేరే తేలుతుంది. బ్లాక్‌లిస్టు భాగాన్ని మాత్రం ఈ ఒక్క లోపం మీదనే గట్టిగా ప్రశ్నించవచ్చు. గడువు రాయకుండా శాశ్వతంగా నిషేధించడం కూడా తగదని 2013లో కుల్జా ఇండస్ట్రీస్ కేసులో కోర్టు చెప్పింది.

ఉద్యోగం నుంచి తొలగించినప్పుడు ఉత్తర్వు భాషను అక్షరం అక్షరం చదవాలి. ‘కాంట్రాక్టు గడువు ముగిసింది’ అని మామూలుగా రాసిన ఉత్తర్వుకూ, ‘నిధులు కాజేసినందున తొలగించడమైనది’ అన్న ఉత్తర్వుకూ చట్టం దృష్టిలో ఎంతో తేడా ఉంది. రెండవది కళంకం మోపే ఉత్తర్వు, విచారణ లేకుండా అటువంటిది ఇవ్వరాదు. ఆ మచ్చ ఉత్తర్వులోనే ఉండనక్కరలేదని, ఉత్తర్వు ప్రస్తావించిన మరో లేఖలోనో నివేదికలోనో ఉన్నా సరిపోతుందని 1999లో దీప్తి ప్రకాశ్ బెనర్జీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ‘పై సూచిక 2లోని నివేదిక ప్రకారం’ అన్న మాట కనబడితే ఆ నివేదికను కూడా తప్పక తెప్పించుకోండి. ప్రభుత్వోద్యోగులకు రాజ్యాంగం 311వ అధికరణ, క్రమశిక్షణ చర్యల పద్ధతిని చెప్పే 1991 నాటి సీసీఏ నియమాలు రక్షణగా ఉన్నాయి. కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లకు 311 నేరుగా వర్తించదు గానీ, మచ్చ వేసి పంపేముందు వినాలన్న సూత్రాన్ని న్యాయస్థానాలు వాళ్ల విషయంలోనూ వర్తింపజేస్తూ వచ్చాయి.

ఉపాధి హామీ సామాజిక తనిఖీల గురించి ఒక మాట చెప్పాలి. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలైంది. కూలీల డబ్బుకు కూలీల ముందే లెక్క చెప్పించే ప్రజావేదికలు మంచి ఏర్పాటు; వాటిని బలహీనపరచాలని నేను కోరడం లేదు. కానీ వేదిక మీద మైకులో చదివినది ఆరోపణ మాత్రమే. ఊరంతా విన్న ఆరోపణే మరుసటి వారం తొలగింపు ఉత్తర్వుగా మారితే, ఆ ఫీల్డ్ అసిస్టెంటుకు మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) చూపించి, కొలతల పుస్తకం చూపించి వివరణ ఇచ్చుకునే అవకాశం ఎక్కడ దొరికినట్టు? అటువంటి సందర్భంలో తనిఖీ నివేదిక నకలు, దానిమీద జవాబు ఇచ్చే గడువు, ఈ రెండింటినీ వేదిక జరిగిన రోజునే రాతపూర్వకంగా అడగడం మంచిది.

రౌడీషీటు: ఇక్కడ జాగ్రత్త ఎక్కువ కావాలి

ఫ్యాక్షన్ తగాదాల చరిత్ర ఉన్న మన సీమలో రౌడీషీటుకు కొంత అవసరం ఉందని ఒప్పుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణి. అయితే తండ్రి మీద కేసులున్నాయని కొడుకు మీద, ఒకే ఎన్నికల గొడవలో పేరు వచ్చిందని ఇంకొకరి మీద తెరిచిన షీటు ఆ అవసరం కిందికి రాదు.

ఈ విషయంలో చాలామంది అపోహ పడే సంగతి ఒకటుంది. షీటు తెరిచేముందు నోటీసు ఇచ్చి వినడం తప్పనిసరి కాదు. నిఘా రిజిస్టరులో పేరు చేర్చేటప్పుడు ముందుగా వినవలసిన పనిలేదని 1980లో మలక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. అదే తీర్పు మరోవైపు, ఆధారం లేకుండా పేరు ఎక్కించరాదని, నిఘా పేరుతో మనిషి గౌరవానికి, స్వేచ్ఛకు భంగం కలిగించరాదని కూడా చెప్పింది. కనుక ‘నాకు నోటీసు ఇవ్వలేదు’ అన్న వాదన మీద ఇక్కడ ఎక్కువ భారం వేయకండి. ‘నా మీద షీటు తెరవడానికి నియమం కోరే ఆధారమే లేదు’ అన్న వాదన మీద నిలబడండి.

ఆ నియమం పోలీసు స్టాండింగ్ ఆర్డర్లలోని 601. శాంతిభద్రతలకు భంగం కలిగించే నేరాలు ‘అలవాటుగా’ చేసేవాళ్లు అన్నది అందులోని ప్రధాన వర్గం. ఒకటి రెండు కేసుల్లో ముద్దాయిగా పేరున్నంత మాత్రాన అలవాటు అనిపించుకోదని హైకోర్టు పలు తీర్పుల్లో చెప్పింది. హిస్టరీ షీటు (ఒక వ్యక్తి నేర చరిత్ర మీద పోలీసులు ఉంచే రికార్డు) తెరవాలంటే ఆ వ్యక్తి నేరాలకు అలవాటుపడినవాడని పోలీసు అధికారికి సహేతుకమైన నమ్మకం ఉండాలని 1966లోనే ధంజీ రామ్ శర్మ కేసులో సుప్రీంకోర్టు అన్నది. తరువాతి ఆర్డరు 602 ప్రకారం షీటు డిసెంబరు చివరి వరకే నడుస్తుంది; ఆపైన కొనసాగించాలంటే గెజిటెడ్ హోదా అధికారి ఉత్తర్వు తీసుకోవాలి. ఏటా జరగవలసిన ఈ సమీక్ష జరిగిందా, జరిగితే అధికారి ఏ కారణం రాశారు అన్న ప్రశ్న దగ్గరే చాలా షీట్ల బలహీనత బయటపడుతుంది. ఈ స్టాండింగ్ ఆర్డర్లకు చట్టబలం లేదని, వాటి ఆధారంగా రౌడీషీట్లు తెరవడం చెల్లదని 2022 జులైలో మన హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం తీర్పునిచ్చింది. దాన్ని ఆధారం చేసుకునేముందు అప్పీలులో దాని స్థితి ఏమిటో మీ వకీలు చేత చూపించుకోండి. సామాజికంగా, ఆర్థికంగా వెనుకబడిన వర్గాల అమాయకుల పేర్లు యాంత్రికంగా హిస్టరీ షీట్లలో చేరకుండా చూడాలని, వాటిని ఎప్పటికప్పుడు పరిశీలించే ఏర్పాటు ఉండాలని 2024 మేలో సుప్రీంకోర్టు ఢిల్లీ కేసు ఒకదానిలో చెప్పి, రాష్ట్రాలన్నీ ఆ దిశగా ఆలోచించాలని కోరింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం కింద పుట్టుకతోనే దొంగలన్న ముద్ర మోసిన కుటుంబాలకు ఈ మాట విలువ బాగా తెలుస్తుంది.

ఆచరణలో చేయవలసినది ఇది. మీ మీద నమోదైన కేసులన్నిటి నంబర్లు, అవి కొట్టివేశారా, రాజీ అయ్యాయా, ఇంకా నడుస్తున్నాయా అన్న వివరం, తీర్పుల ధ్రువీకృత నకళ్లు జత చేసి, షీటు మూసివేయాలని ఎస్పీకి అర్జీ పెట్టుకోండి. ప్రతిని డీఎస్పీకి, స్టేషన్‌కు ఇవ్వండి. కేసులను దాచవద్దు, రికార్డు వారి దగ్గరే ఉంది గనుక దాచినది ఒక్కటి బయటపడినా మిగతా అర్జీ మీద నమ్మకం పోతుంది. ఉద్యోగంలో చేరేటప్పుడు నింపే ధ్రువీకరణ పత్రాల్లోనూ ఇదే నియమం పాటించాలి. కౌన్సెలింగ్ పేరుతో స్టేషన్‌కు పిలిస్తే వెళ్లిన తేదీ, కూర్చోబెట్టిన సమయం రాసి పెట్టుకోండి. రాత్రివేళ ఇంటికి వచ్చి లేపడం 1962లోనే ఖరక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెల్లదన్న పద్ధతి. బైండోవర్, అంటే శాంతిగా ఉంటానని బాండు రాయించుకోవడం అయితే అది వేరే ప్రక్రియ: అక్కడ ఆరోపణ సారాంశం రాసిన లిఖిత ఉత్తర్వు ఇచ్చి విచారించాలని నేర విచారణ పద్ధతిని చెప్పే బీఎన్ఎస్ఎస్ చట్టం చెబుతుంది, కాబట్టి ఆ కాగితం ఇవ్వనిదే బాండు మీద సంతకం పెట్టకండి.

అర్జీ ఎలా రాయాలి

ఉద్యోగం, డీలర్‌షిప్పు, కాంట్రాక్టు విషయాల్లో అర్జీ ఒక పేజీ దాటనవసరం లేదు. ఇలా రాయవచ్చు: ‘మీ కార్యాలయం నుంచి ఫలానా తేదీన వెలువడిన ఫలానా నంబరు ఉత్తర్వులో నేను నిధులు దుర్వినియోగం చేసినట్లు నమోదైంది. ఆ ఉత్తర్వుకు ముందు నాకు నోటీసు గానీ, ఆధారమైన నివేదిక నకలు గానీ అందలేదు. దీనివల్ల నా ఉపాధి పోవడమే కాక ఇతర కార్యాలయాల్లో పనికి అర్హత లేకుండా పోయింది. నన్ను విని ఉంటే ఈ కింది విషయాలు మీ దృష్టికి తెచ్చేవాడిని. నివేదిక నకలు ఇప్పించి, నా వివరణ విని, నిర్ణయాన్ని పునఃపరిశీలించవలసిందిగా, అంతవరకు ఉత్తర్వు అమలును నిలిపివేయవలసిందిగా కోరుతున్నాను.’

ఇందులో ‘నన్ను విని ఉంటే’ అన్న వాక్యమే అన్నిటికన్నా ముఖ్యమైనది, అందరూ వదిలేసేది కూడా అదే. వినకపోవడం వల్ల మీకు నిజంగా నష్టం జరిగిందా అని కోర్టులు ఇప్పుడు అడుగుతున్నాయి. 2020లో సుధీర్ కుమార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతిని వివరంగా చెప్పింది. చెప్పుకోవడానికి ఏమీ లేని మనిషి ‘నన్ను వినలేదు’ అంటే, విన్నా ఫలితం మారేది కాదని శాఖ వాదిస్తుంది. కనుక ఆ వాక్యం కింద మీ దగ్గరున్న నిజాలన్నీ తేదీలతో, కాగితాలతో రాయండి. ఆ సంతకం నాది కాదు, ఆ వారం నేను సెలవులో ఉన్నాను, ఆ బిల్లు నాకంటే ముందున్న వ్యక్తి హయాములోది, ఇలా ప్రతిదీ.

ఈ అర్జీని సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌లో కూడా ఇచ్చి రశీదు తీసుకోవచ్చు. పరిష్కారం అక్కడ దొరకకపోయినా, మీరు ఆలస్యం చేయలేదని ఆ రశీదు రేపు హైకోర్టులో చూపుతుంది.

జవాబు రాకపోతే

రాజ్యాంగం 226వ అధికరణ కింద అమరావతిలోని హైకోర్టులో రిట్ (ప్రభుత్వ చర్యను ప్రశ్నించే పిటిషన్) వేయవచ్చు. రాష్ట్ర పరిపాలనా ట్రిబ్యునల్ రద్దయినందువల్ల ప్రభుత్వోద్యోగుల కేసులు కూడా అక్కడికే వెళ్తాయి. శాఖలో అప్పీలు ఉంది కదా అని ప్రభుత్వం అభ్యంతరం చెప్పవచ్చు. ఎదుటి మనిషిని వినాలన్నటువంటి సహజ న్యాయ సూత్రాలను ఉల్లంఘించిన చోట ఆ అభ్యంతరం రిట్‌కు పూర్తి అడ్డు కాదని 1998లో వర్ల్‌పూల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రిట్‌కు నిర్ణీత గడువు లేకపోయినా, కారణం చెప్పలేని జాప్యం కేసును దెబ్బతీస్తుంది. సీమ నుంచి అంత దూరం తిరగడం పేదవాళ్లకు భారమే. మహిళలు, ఎస్సీ ఎస్టీలు, కస్టడీలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు; తక్కువ ఆదాయం ఉన్నవారికీ ఆ సహాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లినా, 15100కు ఫోన్ చేసినా దారి చూపుతారు.

పోలీసుల వల్ల జరిగిన అవమానమైతే, రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు ఘటన జరిగిన ఏడాదిలోపు ఫిర్యాదు చేయవచ్చు. కమిషన్ ఇచ్చేది సిఫారసే అని గుర్తుంచుకోండి. పరువునష్టం దావా దారి కూడా ఉంది గానీ, దానికి గడువు ఏడాదే. ప్రభుత్వం మీద దావాకు ముందు రెండు నెలల నోటీసు కూడా ఇవ్వాలి. చాలామందికి ఈ దారి ఖర్చుకు తగిన ఫలితం ఇవ్వదు.

నష్టపరిహారం అసాధ్యం కాదు. 1994లో గూఢచర్యం ఆరోపణతో అరెస్టయిన ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌కు 2018లో సుప్రీంకోర్టు 50 లక్షల రూపాయలు ఇప్పించింది. పోయిన పేరుకు పరిహారం రావడానికి ఇరవై నాలుగేళ్లు పట్టిందన్నది కూడా అందులో చూడవలసిన సంగతే. అందుకే పరిహారం కోసం ఆగకుండా, ముందు ఉత్తర్వును రద్దు చేయించుకోవడం మీద శక్తి పెట్టమని నేను చెబుతాను.

రిట్‌లో ఏం కోరుతున్నారో కూడా జాగ్రత్తగా రాయించుకోవాలి. ఉత్తర్వు రద్దు అన్న ఒక్క కోరికతో ఆగితే, దాని నకళ్లు వెళ్లిన చోటల్లా పాత మాటే మిగిలిపోతుంది. ఉత్తర్వు చివర ‘ప్రతి’ అన్న చోట ఏయే కార్యాలయాల పేర్లున్నాయో చూసి, ఆ కార్యాలయాలన్నిటికీ రద్దయిన విషయం తెలియజేయాలని, శాఖ వెబ్‌సైటులోని జాబితా నుంచి పేరు తొలగించాలని, రౌడీషీటు అయితే మూసివేసినట్లు రాతపూర్వకంగా ఇవ్వాలని అడగండి. బహిరంగంగా ఫొటో ప్రదర్శించి ఉంటే దాన్ని తీసివేయాలని కోరండి; 2020 మార్చిలో లక్నోలో నిరసనకారుల ఫొటోలు, చిరునామాలతో కట్టిన హోర్డింగులను తొలగించాలని అలహాబాద్ హైకోర్టు ఆదేశించిన సంగతి ఇక్కడ చూపవచ్చు, ఆ వ్యవహారం తరువాత సుప్రీంకోర్టులో పెద్ద ధర్మాసనం పరిశీలనకు వెళ్లిందన్న సంగతితో సహా.

తీర్పు అనుకూలంగా వచ్చిన తరువాత ధ్రువీకృత నకళ్లు నాలుగైదు తీసుకుని, ఉత్తర్వు ఇచ్చిన అధికారికి ఒకటి, నకళ్లు వెళ్లిన ప్రతి కార్యాలయానికి ఒకటి మీరే చేర్చి రశీదులు దాచుకోండి. శాఖ మిమ్మల్ని విని మళ్లీ కొత్త ఉత్తర్వు ఇవ్వడానికి కోర్టు అవకాశం ఇచ్చి ఉండవచ్చు. అప్పుడు వచ్చే నోటీసుకు గడువులోపల, పైన చెప్పిన నిజాలన్నిటితో జవాబివ్వాలి. తీర్పును అమలు చేయకపోతే కోర్టు ధిక్కార పిటిషన్ వేయవచ్చు, దానికి గడువు ఉల్లంఘన జరిగిన నాటి నుంచి ఏడాది.